లఘులోలకంతో గురుత్వ త్వరణాన్ని కొలవడం: సన్నాహం నుంచి తుది ఫలితం దాకా

లోలకం (దారానికి వేలాడదీసిన చిన్న గుండు) కట్టి, ఊపి, సూత్రంలో అంకెలు వేస్తే గురుత్వ త్వరణం 9.8 మీ./సె.² రావాల్సిన చోట 10.8 వచ్చిందని కొందరు, ఎన్నిసార్లు చేసినా 9.5 దగ్గరే ఆగిపోతోందని మరికొందరు తరచూ అడుగుతుంటారు. సూత్రం అందరికీ తెలిసినదే, సామగ్రి కూడా సులువుగా దొరికేదే. అయినా ఫలితం తప్పుతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ కొలిచే తీరులోనే ఉంటుంది. ఈ ప్రయోగంలో ఒక సౌలభ్యం ఉంది: ప్రతి పొరపాటూ ఫలితం మీద తనదైన ముద్ర వేస్తుంది. 10.8 రావడానికి ఒక కారణం, 9.5 రావడానికి వేరొక కారణం ఉంటాయి. ఆ ముద్రలను చదవడం తెలిస్తే ప్రయోగాన్ని గుడ్డిగా మళ్లీ మళ్లీ చేయాల్సిన పని ఉండదు.

1. ముందుగా ఏం కొలుస్తున్నామో తేల్చుకోండి

గురుత్వం గురించి మాట్లాడేటప్పుడు రెండు రాశులు తరచూ కలగాపులగమవుతాయి. మొదటిది విశ్వ గురుత్వ స్థిరాంకం, అంటే పెద్ద జి. ఏ రెండు వస్తువుల మధ్యనైనా ఉండే ఆకర్షణను లెక్కగట్టేది ఇదే. ఎక్కడికి వెళ్లినా దీని విలువ మారదు. రెండోది గురుత్వ త్వరణం, అంటే చిన్న జి. పైనుంచి వదిలిన వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో చెప్పేది ఇది. చోటును బట్టి కొద్దికొద్దిగా మారుతుంది.

ఈ రెండింటినీ కలిపే సంబంధం సరళమైనది. భూమి ద్రవ్యరాశిని పెద్ద జితో గుణించి, భూకేంద్రం నుంచి మనమున్న దూరపు వర్గంతో భాగిస్తే చిన్న జి వస్తుంది. పెద్ద జి విలువ 6.674 × 10⁻¹¹, భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోగ్రాములు, సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అని తీసుకుంటే సుమారు 9.82 వస్తుంది.

లోలకం మనకు ఇచ్చేది చిన్న జి మాత్రమే. పెద్ద జిని కొలవాలంటే ప్రయోగశాలలోని రెండు గుండ్ల మధ్య ఉండే అతి స్వల్పమైన ఆకర్షణను పట్టుకోవాలి. దానికి సన్నని తీగకు వేలాడే విమోటన తులామానం, అంటే తీగ ఎంత మెలి తిరిగిందో చూసి బలాన్ని కొలిచే పరికరం, కావాలి. లోలకంతో పెద్ద జి కనుక్కోవచ్చునా అని అడిగేవారికి సమాధానం ఇదే: భూమి ద్రవ్యరాశి ముందే తెలిసి ఉంటే తప్ప కుదరదు, ఆ ద్రవ్యరాశి తెలిసిందే పెద్ద జి ద్వారా.

ఇంకొక్క సంగతి. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమధ్యరేఖ దగ్గర ఆకర్షణలో సుమారు 0.034 మీ./సె.² మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది. లోలకం కొలిచే విలువలో ఈ తగ్గుదల కూడా కలిసే ఉంటుంది, కాబట్టి దాన్ని విడిగా సవరించకూడదు.

2. మీ చోట ఎంత రావాలో ముందే రాసుకోండి

9.80665 అనేది 1901లో అంతర్జాతీయంగా నిర్ణయించిన ప్రమాణ విలువ. అది ఒప్పుకున్న అంకె మాత్రమే. మీరున్న చోటి విలువ సరిగ్గా అదే కావాలని లేదు. సముద్ర మట్టం దగ్గర అక్షాంశాన్ని బట్టి ఉండే విలువలు ఇవి:

- 0° (భూమధ్యరేఖ): 9.780 మీ./సె.²
- 15°: 9.784
- 30°: 9.793
- 45°: 9.806
- 60°: 9.819
- 90° (ధ్రువం): 9.832

మీ చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో చూసుకుని, ప్రతి 1,000 మీటర్లకు 0.003 తగ్గించండి. దీనితో పోల్చుకోవడానికి తగిన విలువ మీ చేతిలో ఉంటుంది.

భూమధ్యరేఖకు, ధ్రువానికి మధ్య మొత్తం తేడా అర శాతం మాత్రమేనని గమనించండి. ఒక శాతం కచ్చితత్వంతో చేసిన ప్రయోగం ఈ తేడాను చూపలేదు. కాబట్టి 9.78 రావాల్సిన చోట 9.81 వస్తే విఫలమైనట్టు కాదు, 9.81 వచ్చినంత మాత్రాన గొప్పగా చేసినట్టూ కాదు.

3. పైనుంచి వదిలి కొలిస్తే సరిపోదా?

గుండును నేరుగా కిందికి వదిలి, పడడానికి పట్టిన సమయాన్ని కొలవడం సూటిగానే కనిపిస్తుంది. కానీ ఒక మీటరు ఎత్తు నుంచి పడడానికి పట్టేది 0.45 సెకను. చేతితో స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.1 సెకను తేడా వచ్చినా సమయంలో ఐదో వంతుకు పైగా తప్పు వచ్చినట్టే. సమయం వర్గం రూపంలో లెక్కలోకి వస్తుంది కాబట్టి తుది విలువలో అది దాదాపు రెట్టింపవుతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా ఉంటే ఈ పద్ధతి కొంత పనికొస్తుంది గానీ, గుండును వదిలిన క్షణం ఏ ఫ్రేములో ఉందో తేల్చడం అక్కడా చిక్కే.

ఫోన్‌లో ఉండే త్వరణ సెన్సరు కదలకుండా ఉన్నప్పుడు 9.8కి దగ్గరి అంకెనే చూపుతుంది. అయితే దాని అమరికలో వచ్చే చిన్న తేడాను మనం విడదీసి చూడలేం; కాబట్టి దాన్ని సరదాగా చూసుకోవచ్చు గానీ కొలతగా లెక్కపెట్టలేం. వంటింటి త్రాసూ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే గురుత్వ త్వరణం ఇంతేనని ముందే అనుకుని దాన్ని గ్రాముల్లోకి మార్చి తయారుచేస్తారు.

లోలకం దగ్గర సంగతి వేరు. ఒకే ఊపు మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఇరవై ఊపుల సమయాన్ని ఒకేసారి కొలవవచ్చు. మొదట్లో, చివర్లో నొక్కేటప్పుడు వచ్చే తప్పు ఆ ఇరవై ఊపులకూ పంచబడుతుంది. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

4. సామగ్రి

- 2 నుంచి 2.5 సెం.మీ. వ్యాసం ఉన్న ఉక్కు, ఇత్తడి లేదా సీసపు గుండు, దారం కట్టడానికి చిన్న కొక్కెంతో
- సన్నగా, గట్టిగా ఉండి సాగని దారం, సుమారు ఒకటిన్నర మీటర్లు
- నిలువునా చీల్చిన బెండు, లేదా దారాన్ని మధ్యలో పెట్టి బిగించడానికి రెండు చదునైన చెక్క ముక్కలు
- కదలని స్టాండు, లేదా బరువైన బల్ల అంచు
- మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు టేపు
- గుండు వ్యాసం కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్
- స్టాప్‌వాచ్ (ఫోన్‌లోనిది సరిపోతుంది)
- గుర్తు కోసం తెల్ల కాగితం, సన్నని నిలువు గీత
- గ్రాఫు కాగితం

గుండు బరువు ఎంతైనా ఫలితం మారదు. అయినా బరువైన లోహపు గుండే ఎందుకంటే, తేలికైన బంతిని గాలి త్వరగా ఆపేస్తుంది. రబ్బరు కలిసిన దారం అసలు వద్దు. నైలాన్ తంతువు కూడా బరువుకు కొంత సాగుతుంది; వాడక తప్పకపోతే, గుండు వేలాడదీసి చాలాసేపు వదిలేశాక పొడవు కొలవండి.

కాలిపర్స్ లేకపోతే గుండును రెండు చెక్క దిమ్మెల మధ్య నొక్కి పట్టి, వాటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే చాలు.

5. వేలాడదీయడం

చాలామంది దారాన్ని మేకుకు ముడి వేస్తారు. దాదాపు సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి. లోలకం ఊగుతున్నప్పుడు దారం మేకు గుండ్రటి అంచు మీద ఒకవైపు చుట్టుకుని మరోవైపు విడిపోతుంది. ముడి కూడా కొద్దిగా జారుతుంది. దాంతో వేలాడే బిందువు ఎక్కడుందో స్పష్టంగా చెప్పలేం, పొడవు ఎక్కడి నుంచి కొలవాలో తెలియదు.

చేయాల్సింది ఇది:

1. చీల్చిన బెండు రెండు సగాల మధ్య దారాన్ని పెట్టి, స్టాండు పట్టుతో గట్టిగా బిగించండి. బెండు కింది అంచు చదునుగా, పదునుగా ఉండాలి. ఆ అంచే మీ వేలాడే బిందువు.
2. బిగించాక దారాన్ని కిందికి ఒకసారి లాగి చూడండి. జారితే మళ్లీ బిగించండి.
3. గుండు కట్టి కాసేపు వదిలేయండి. దారంలో ఉన్న మెలి విడిపోతూ గుండు తనంతట తాను తిరుగుతుంది. అది ఆగేదాకా మొదలుపెట్టవద్దు.
4. స్టాండు పీఠం మీద బరువు పెట్టండి. లోలకాన్ని ఊపి, స్టాండు పైభాగాన్ని దగ్గరగా చూడండి. అది కూడా లోలకంతో పాటు కదులుతుంటే ఆవర్తన కాలం (అటు వెళ్లి ఇటు వచ్చే ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) మారిపోతుంది.
5. ఫ్యాను ఆపి, కిటికీలు మూయండి.

6. పొడవు కొలవడం

లోలకం పొడవు అంటే దారం పొడవు కాదు. వేలాడే బిందువు నుంచి గుండు కేంద్రం దాకా ఉన్న దూరం. కొక్కెం, గుండు వ్యాసార్ధం రెండూ ఇందులో భాగమే.

గుండు కేంద్రం లోపల ఉంటుంది కాబట్టి నేరుగా కొలవలేం. బెండు కింది అంచు నుంచి గుండు అడుగు దాకా కొలిచి, అందులోంచి వ్యాసార్ధం తీసేయడం నమ్మదగిన పద్ధతి. గుండు అడుగుకు ఒక చదునైన అట్టను అడ్డంగా తాకించి పట్టుకుంటే ఆ బిందువు టేపు మీద స్పష్టంగా పడుతుంది.

స్టీలు టేపు కొనకు ఉండే కొక్కెం కొద్దిగా కదిలేలా తయారవుతుంది, పాతబడిన కొద్దీ మరింత వదులవుతుంది. అందుకని సున్నా దగ్గర కాకుండా 10 సెం.మీ. గీత నుంచి కొలత మొదలుపెట్టడం మేలు. చివర్లో ఆ 10 తీసేయడం మరచిపోకండి. టేపు చదివేటప్పుడు కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి.

- గుండు వేలాడుతుండగానే కొలిచారా? నేల మీద పరచి కొలిచిన దారం పొడవు చెల్లదు.
- వ్యాసం తీసేశారా, వ్యాసార్ధం తీసేశారా? తీసేయాల్సింది వ్యాసార్ధం.
- ప్రయోగం అయ్యాక మళ్లీ ఒకసారి కొలిచారా? ఒక మిల్లీమీటరుకు మించి మారితే దారం జారిందనో సాగిందనో అర్థం. ఆ పొడవుకు తీసిన రీడింగులను పక్కన పెట్టండి.

7. ఊపడం

లఘులోలక సూత్రం చిన్న కోణాలకే సరిపోతుంది. కోణం పెరిగేకొద్దీ ఆవర్తన కాలం పెరుగుతుంది, లెక్కలో గురుత్వ త్వరణం తక్కువగా వస్తుంది. ఎంత తక్కువ అంటే:

- 5° దగ్గర 0.1 శాతం
- 10° దగ్గర 0.4 శాతం
- 20° దగ్గర 1.5 శాతం
- 30° దగ్గర దాదాపు 3.4 శాతం

కాబట్టి 5 డిగ్రీలు దాటకండి. కోణమానినితో పని లేకుండా దీన్ని పాటించవచ్చు: గుండును పక్కకు జరిపే దూరం లోలకం పొడవులో పన్నెండో వంతు మించకుండా చూసుకుంటే చాలు. మీటరు లోలకానికి అది సుమారు 8 సెం.మీ., 40 సెం.మీ. లోలకానికి 3 సెం.మీ. కంటే కొంచెం ఎక్కువ. ఊపు మరీ చిన్నగా కనిపిస్తుంది, అందుకే చాలామంది తెలియకుండానే పెద్దగా లాగుతారు.

వదిలేటప్పుడు తోయకూడదు. వేళ్లతో వదిలితే గుండు పక్కకు ఒరిగి, గీత మీద కాకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెడుతుంది. సన్నని కాగితపు పట్టీతో గుండును వెనక్కి లాగి, ఆ పట్టీని ఒక్కసారిగా వదిలేయడం ఇందుకు సులువైన మార్గం. వదిలాక నాలుగైదు ఊపులు పోనిచ్చి, ఊగే దిశకు ఎదురుగా నిలబడి చూడండి: దారం ఒకే గీతగా కనిపించాలి. పక్కలకు వెడల్పుగా కదులుతుంటే ఆపి, మళ్లీ వదలండి.

8. సమయం కొలవడం

మొత్తం ప్రయోగంలో మీ శ్రద్ధంతా పెట్టాల్సిన దశ ఇది. సూత్రంలో పొడవు ఒక్కసారే వస్తుంది, కాలం వర్గంగా వస్తుంది. అందువల్ల సమయంలో ఒక శాతం తప్పు ఫలితంలో రెండు శాతంగా మారుతుంది. పొడవును మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలవడానికి తంటాలు పడి, సమయాన్ని మాత్రం ఐదు ఊపులతో సరిపెట్టుకునే వారిని చూస్తుంటాం. ఆ శ్రమ వృథా.

ముందుగా, ఎక్కడ నుంచి లెక్కించాలి? గుండు చివరి కొసకు చేరినప్పుడు లెక్క మొదలుపెట్టాలని అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అది ఆగినట్టు కనిపిస్తుంది. ఆగినట్టు కనిపించడమే అక్కడి చిక్కు. మీటరు లోలకాన్ని 8 సెం.మీ. ఊపితే, కొస దగ్గరి చివరి మిల్లీమీటరులోనే అది దాదాపు 0.1 సెకను గడుపుతుంది. ఆ వ్యవధిలో సరిగ్గా ఏ క్షణంలో తిరిగిందో కంటికి అందదు. అదే గుండు కింద విరామ స్థానం (ఊగనప్పుడు అది నిలిచి ఉండే చోటు) దాటేటప్పుడు ఒక మిల్లీమీటరును 0.004 సెకనులో దాటిపోతుంది. కాబట్టి దారం విరామ స్థానాన్ని దాటే క్షణాన్నే పట్టుకోవాలి.

1. గుండు కదలకుండా ఉన్నప్పుడు, దారం వెనుక తెల్ల కాగితం మీద సన్నని నిలువు గీత గీసి నిలబెట్టండి. దారం ఆ గీతను పూర్తిగా కప్పేలా మీ కన్ను ఉండాలి. ఆ తరువాత తల కదపవద్దు.
2. లోలకాన్ని వదిలి నాలుగైదు ఊపులు పోనివ్వండి.
3. దారం ఎడమ నుంచి కుడికి గీతను దాటిన ప్రతిసారీ "మూడు, రెండు, ఒకటి" అని లోలకం లయకు సరిపోయేలా అనుకోండి. తరువాతి దాటడానికి "సున్నా" అంటూ స్టాప్‌వాచ్ నొక్కండి.
4. మళ్లీ ఎడమ నుంచి కుడికి దాటినప్పుడు "ఒకటి". కుడి నుంచి ఎడమకు దాటడం లెక్కలోకి రాదు.
5. "ఇరవై" అన్నప్పుడు ఆపండి.
6. ప్రతి పొడవుకూ మూడుసార్లు ఇలా చేసి సగటు తీయండి. మూడింటిలో ఏదైనా మిగతా వాటికి ఒక ఆవర్తన కాలం మేరకు తేడాగా ఉంటే అది లెక్కింపు తప్పు. దాన్ని సగటులో కలపకుండా తిరిగి చేయండి.

ముందుగా లయ అందుకోవడం ఎందుకంటే, కన్ను చూసి వేలు కదలడానికి పట్టే ఆలస్యం మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా ఉంటే ఆ రెండూ రద్దయిపోతాయి. మనల్ని దెబ్బతీసేది ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉండడం. లయతో పాటు నొక్కితే ఆ తేడా 0.1 సెకను దాకా తగ్గుతుంది. హఠాత్తుగా చూసి నొక్కితే అది పెరుగుతుంది.

మీటరు లోలకం ఒక్క ఊపుకు 2 సెకన్లు తీసుకుంటుంది. ఒక్క ఊపునే కొలిస్తే 0.1 సెకను తేడా అంటే 5 శాతం, ఫలితంలో 10 శాతం. ఇరవై ఊపులకు అదే తేడా 40 సెకన్లలో పావు శాతం, ఫలితంలో అర శాతం. యాభై ఊపులకు వెళితే 0.2 శాతానికి దిగుతుంది. అయితే యాభై లెక్కించేటప్పుడు మధ్యలో ఒకటి తప్పిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. మొదటిసారి చేసేవారికి ఇరవై సరైన సంఖ్య.

స్టాప్‌వాచ్ చూపే సెకనులో నూరో వంతు అంకెలను చూసి మురిసిపోనక్కర లేదు. అవి యంత్రం కచ్చితత్వం, మీ వేలి కచ్చితత్వం కాదు. రాసుకోవడం మాత్రం అలాగే రాసుకోండి, గుండ్రం చేయడం చివర్లో.

9. లెక్క

సూత్రం ఇది:

గురుత్వ త్వరణం = 39.478 × పొడవు ÷ (ఆవర్తన కాలం)²

ఇక్కడ 39.478 అనేది పై (π) వర్గానికి నాలుగు రెట్లు. పొడవు మీటర్లలో, కాలం సెకన్లలో ఉండాలి. ఒకే పొడవుతో ఆగకుండా కనీసం ఐదు పొడవులకు చేయండి. కింది అంకెలు లెక్క ఎలా సాగుతుందో చూపడానికి ఉదాహరణగా ఇచ్చినవి:

- పొడవు 0.400 మీ.: ఇరవై ఊపులకు 25.40 సె., ఆవర్తన కాలం 1.270 సె., వర్గం 1.613
- 0.600 మీ.: 31.06 సె., 1.553 సె., 2.412
- 0.800 మీ.: 35.94 సె., 1.797 సె., 3.229
- 1.000 మీ.: 40.12 సె., 2.006 సె., 4.024
- 1.200 మీ.: 44.00 సె., 2.200 సె., 4.840

సూత్రంలో వేస్తే వరుసగా 9.79, 9.82, 9.78, 9.81, 9.79 వస్తాయి. సగటు 9.80. విలువలు సగటుకు అటూ ఇటూ చెదిరి ఉన్నాయే గానీ పొడవు పెరిగేకొద్దీ ఒకే వైపుకు జరగడం లేదు. ఇది ఆరోగ్యకరమైన లక్షణం. ఒకవేళ పొడవు పెరిగేకొద్దీ విలువలు కూడా క్రమంగా పెరుగుతుంటే సగటు తీయడం అర్థం లేని పని, ఎందుకంటే పొడవు కొలతలోనే ఏదో స్థిరమైన తప్పు ఉంది.

10. గ్రాఫు గీయడం మానకండి

సగటు వచ్చేసింది కదా అని గ్రాఫును వదిలేసేవారే ఎక్కువ. నిజానికి సగటు కంటే గ్రాఫే నమ్మదగినది. అడ్డు అక్షం మీద పొడవును, నిలువు అక్షం మీద ఆవర్తన కాలపు వర్గాన్ని తీసుకుని ఐదు బిందువులూ గుర్తించండి. స్కేలుతో, బిందువులన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే సరళరేఖ గీయండి. రేఖను బలవంతంగా మూలబిందువు గుండా పోనివ్వకండి; తనంతట తాను ఎక్కడికి పోతుందో చూడాలి.

రేఖ మీద దూరంగా ఉన్న రెండు బిందువులు తీసుకుని, వాటి నిలువు తేడాను అడ్డు తేడాతో భాగించి వాలు కనుక్కోండి. అవి రేఖ మీదివి కావాలి, మీ రీడింగుల్లోవి కాదు. పై ఉదాహరణకు వాలు 4.033 వస్తుంది. 39.478ని దానితో భాగిస్తే 9.79.

గ్రాఫు చేసే అసలు మేలు ఇది. గుండు పైభాగం దాకానే కొలిచి, దానికి వ్యాసార్ధం కలపడం మరచిపోయి, ప్రతిసారీ 1 సెం.మీ. తక్కువగా పొడవు రాసుకున్నారనుకోండి. సగటు పద్ధతిలో ఆ తప్పు నేరుగా ఫలితంలోకి వెళుతుంది. గ్రాఫులో మాత్రం రేఖ మొత్తం ఎడమకు 1 సెం.మీ. జరుగుతుంది, వాలు మారదు. మూలబిందువు గుండా పోకుండా నిలువు అక్షాన్ని 0.04 దగ్గర ఖండిస్తుంది. అంటే ఫలితం చెడలేదు, పైగా తప్పు ఎంతో కూడా అంతరఖండం చెప్పేసింది. ఉదాహరణలోని అంకెలకు అంతరఖండం -0.003 మాత్రమే; పొడవులో ఒక మిల్లీమీటరు కంటే తక్కువ తేడా.

11. తప్పిన ఫలితాన్ని చదవడం

- 10.8 నుంచి 10.9: "సున్నా"కు బదులు "ఒకటి" అంటూ స్టాప్‌వాచ్ నొక్కారు. ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిది ఊపులే. రీడింగులు పారేయనక్కర లేదు. సమయాన్ని 19తో భాగించి మళ్లీ లెక్కించండి.
- 8.9 దగ్గర: ఒక ఊపు ఎక్కువగా పోయింది. 21తో భాగించి చూడండి.
- 39 దగ్గర: గీతను దాటిన ప్రతిసారీ, రెండు దిశల్లోనూ లెక్కించారు. సగం ఊపునే ఒక ఊపుగా తీసుకున్నట్టు.
- 9.4 నుంచి 9.5, అన్ని పొడవులకూ దాదాపు ఒకేలా: కోణం చాలా పెద్దది. 30 డిగ్రీల దాకా లాగి ఉంటారు. మళ్లీ చేయాల్సిందే.
- చిన్న పొడవుల దగ్గర బాగా తక్కువ, పెద్ద పొడవుల దగ్గర కొంచెం తక్కువ: వ్యాసార్ధం కలపలేదు. మీటరు లోలకానికి 9.70 వచ్చే తప్పే 40 సెం.మీ. లోలకానికి 9.56గా కనిపిస్తుంది.
- చిన్న పొడవుల దగ్గర బాగా ఎక్కువ, పెద్ద పొడవుల దగ్గర కొంచెం ఎక్కువ: వ్యాసార్ధం తీసేయకుండా గుండు అడుగు దాకా కొలిచిన పొడవునే వాడారు.
- 0.098 లేదా 980: పొడవు ప్రమాణం సరిచూడండి. 980 వస్తే సెంటీమీటర్లు వేశారు, అది సెం.మీ./సె.²లో సరైన విలువే. 0.098 వస్తే నూరుతో రెండోసారి కూడా భాగించారు.
- ఒక్కోసారి ఒక్కోలా, ఏ వరుసా లేకుండా: దారం జారడం, స్టాండు ఊగడం, గాలి, కోడిగుడ్డు ఆకారపు ఊపు, ఈ క్రమంలో పరీక్షించండి.

గాలి నిరోధం వల్ల ఊపు క్రమంగా చిన్నదవడం చూసి దానివల్లే ఫలితం తప్పిందనుకుంటారు. బరువైన లోహపు గుండుకు ఆవర్తన కాలం మీద ఆ ప్రభావం ఈ ప్రయోగం పట్టుకోలేనంత స్వల్పం. గుండుకు పరిమాణం ఉండడం వల్ల రావాల్సిన సవరణ కూడా 1 సెం.మీ. వ్యాసార్ధానికి, మీటరు పొడవుకు 0.004 శాతమే. ఈ రెంటినీ సాకుగా రాసే ముందు పై జాబితాను మరోసారి చూడండి.

12. ఫలితం రాయడం

తుది విలువ పక్కన అనిశ్చితి లేకపోతే ఆ కొలత సగమే పూర్తయినట్టు. మీటరు లోలకానికి పొడవులో 1 మి.మీ. సందేహం అంటే 0.1 శాతం, సమయంలో 0.1 సెకను సందేహం, రెట్టింపయ్యాక, 0.5 శాతం. రెండూ కలిపి 0.6 శాతం, అంటే సుమారు 0.06 మీ./సె.² అని ఒక్కో రీడింగుకు గరిష్ఠంగా అనుకోవచ్చు. ఐదు పొడవులకు, ఒక్కోదానికి మూడు రీడింగులతో చేసినప్పుడు అసలు చెదురు ఇంతకంటే తక్కువగా ఉంటుంది. పై ఉదాహరణలో అది 0.03 లోపే.

కాలిక్యులేటర్ చూపిన 9.788347 అంతా దించేయకండి. అనిశ్చితి రెండో దశాంశ స్థానంలో ఉంటే విలువ కూడా అక్కడితో ఆగాలి. నివేదికలో ఉండాల్సినవి ఇవి:

- విలువ, అనిశ్చితి, ప్రమాణం: 9.79 ± 0.03 మీ./సె.²
- వాలు నుంచి తీశారా, సగటు నుంచి తీశారా
- గ్రాఫు అంతరఖండం ఎంత
- వాడిన పొడవులు, ఒక్కో రీడింగుకు ఊపుల సంఖ్య, ఊపిన గరిష్ఠ కోణం
- మీ అక్షాంశానికి, ఎత్తుకు రావాల్సిన విలువ, అది మీ అనిశ్చితి హద్దుల్లో ఉందా లేదా

చివరి అంశానికి సమాధానం "లేదు" అయితే విలువను 9.8కి దగ్గరగా సర్దకుండా వచ్చినది వచ్చినట్టే రాసి, 11వ విభాగంలోని ఏ లక్షణం కనిపిస్తోందో దాని కింద రాయండి.